పాడేరు మన్యం: కొండ మీద పండేదానికి కొండ కింద కట్టే ధర

అడిగినది క్లుప్తంగా ఇది: "అరకు వెళ్లొచ్చాను. కాఫీ, కరెంటు, అడవి, టూరిస్టులు అన్నీ ఉన్నాయి. అయినా ఊళ్లు ఇంకా ఎందుకలా ఉన్నాయి? ఆ ప్రాంతపు భౌగోళికం, చరిత్ర, బతుకుతెరువు కలిపి ఎవరైనా చెప్పగలరా? కాఫీ వల్ల నిజంగా ఏమైనా మారిందా? బయటివాళ్లు అక్కడ కాస్త భూమి కొనుక్కోవచ్చా?"

నేను పుట్టింది చోడవరం దగ్గర. ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం పాడేరు ఏజెన్సీలోనే, అంటే అక్కడి గిరిజన కొండ ప్రాంతంలోనే చేశాను. కాఫీ, మిరియాలు, అటవీ ఉత్పత్తులు కొనే పని. కాబట్టి నా చూపు కొంచెం కాటా వైపు నుంచే ఉంటుంది, అది గుర్తుపెట్టుకుని చదవండి.

మీరు చూసిన అరకు, మన్యంలో ఒక చిన్న ముక్క. రైలు దిగి బొర్రా గుహలు, మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూసి వచ్చేస్తే మిగతాది కనబడదు. పాడేరు ఏజెన్సీ అంటే 11 మండలాలు: పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, డుంబ్రిగుడ, అరకు లోయ, అనంతగిరి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు వీటికి రంపచోడవరం, చింతూరు వైపు కూడా కలిపారు. అప్పటి విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 9.54 లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు 80 మంది కూడా లేరు, రాష్ట్ర సగటేమో 300 పైన. గోదావరి వైపు సంగతి, పోలవరం ముంపుతో సహా, వేరే పెద్ద కథ. నాకు బాగా తెలిసింది పాడేరు వైపు, అందుకని దాని గురించే రాస్తున్నాను.

మాడుగుల నుంచి పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లు, పైకి వెళ్లాక మళ్లీ అవతలికి దిగుతామనుకుంటారు. దిగం. సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో పీఠభూమి పరుచుకుని ఉంటుంది. దాని మీదే మళ్లీ కొండలు, కొండల మధ్య గెడ్డలు (వాగులు), గెడ్డల పక్కన మెట్లుమెట్లుగా వరి మడులు. ఈ ప్రాంతంలోనే ఉన్న జిందగడ కొండ దాదాపు 1,690 మీటర్లు, తూర్పు కనుమల్లో అంతకన్నా ఎత్తు లేదంటారు. వాన 1,200 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. చలికాలంలో లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయిందని పేపర్లలో చూస్తుంటారు కదా, అది కూడా ఈ పీఠభూమి అంచునే, చింతపల్లి మండలంలో.

ఇక్కడ నీళ్లు పారే తీరు తెలిస్తే మిగతా కథ సగం అర్థమవుతుంది. తూర్పు అంచున పుట్టిన గోస్తని, శారద, వరాహ, తాండవ నేరుగా కిందికి దూకి బంగాళాఖాతంలో కలుస్తాయి. పీఠభూమి లోపల పడ్డ వాన మాత్రం సముద్రానికి వీపు పెట్టి ఎదురు దిక్కుకు పోతుంది. మత్స్యగెడ్డ మాచ్‌ఖండ్‌లో కలుస్తుంది. మాచ్‌ఖండ్ ఒడిశా సరిహద్దు వెంట ఉత్తరానికి పోయి, డుడుమ దగ్గర జలపాతమై పడి, అక్కణ్నుంచి దక్షిణానికి తిరిగి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో. పాడేరు నుంచి సముద్రం వంద కిలోమీటర్ల లోపే ఉన్నా, ఆ నీళ్లు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి కోనసీమ మీదుగా అక్కడికి చేరతాయి.

ఆ దారి పొడవునా కరెంటు తీస్తాం. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. తర్వాత ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460 మెగావాట్లు వచ్చాయి. ఇప్పుడు ఎగువ సీలేరులోనే 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీయడం) అంటున్నారు. కరెంటు సంగతి చాలామందికి తెలుసు. నీళ్ల సంగతి అంతగా తెలియదు. గోదావరిలో ప్రవాహం తగ్గిన ఏడాది డెల్టాలో దాళ్వా (రబీ వరి) గట్టెక్కాలంటే సీలేరు నుంచి వదిలే నీళ్లే దిక్కు. రబీ వచ్చిందంటే ధవళేశ్వరం వైపు ఇంజినీర్లు సీలేరు లెక్కలు చూసుకుంటారు. గోదావరి జిల్లాల రైతు వండుకునే బియ్యంలో మన్యం వాన కొంత ఉందన్నమాట. దానికి ప్రతిఫలంగా పైకి వచ్చిందేమిటి అని అడిగితే, మాచ్‌ఖండ్ కేంద్రం కోసం కట్టిన జోలాపుట్ జలాశయం కింద మునిగిన ఊళ్లు, ప్రాజెక్టు కాలనీల్లో కొన్ని ఉద్యోగాలు. ఇంతకన్నా పెద్ద జాబితా నా దగ్గర లేదు.

రైలు కూడా మన్యం కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. మీరు కిటికీలోంచి ఫోటోలు తీసుకున్న ఆ 58 సొరంగాలు ఖనిజం బండ్ల కోసం తొలిచినవే. శిమిలిగూడ స్టేషను సుమారు 997 మీటర్ల ఎత్తులో ఉంది, చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అదే ఎత్తైన స్టేషను. ప్యాసింజరు బండి అనేది ఆ లైను మీద పక్క వాయిద్యం. అయినా ఆ ఒక్క బండి లేకపోతే అరకు ఇంత పేరు తెచ్చుకునేది కాదు, అదీ నిజమే.

ఇక చరిత్ర. 'ఏజెన్సీ' అని ఎందుకంటారని చాలామంది అడుగుతారు. గంజాం, విశాఖ కొండల్లో పితూరీలు (తిరుగుబాట్లు) అణచలేక, 1839లో ఈస్టిండియా కంపెనీ ఒక చట్టం చేసి కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించింది. కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టి సర్వాధికారాలు ఇచ్చింది. అప్పటికి ఊళ్లు ముఠాలుగా, అంటే కొన్నేసి ఊళ్ల గుంపులుగా ఉండేవి. ముఠాదారు శిస్తు వసూలు చేసి పైవాడికి కట్టుబడి అనే నిర్ణీత మొత్తం చెల్లించేవాడు. చెప్పుకోవడానికి కొండవాళ్ల ఆచారాలను కాపాడే ఏర్పాటే అది. నడిచింది మాత్రం వేరే రకంగా. ముఠాదారు మీద జమీందారు, ఆయన మీద దొర, అందరి చుట్టూ కింది నుంచి వచ్చిన షావుకార్లు.

రంప వైపు 1879లో పితూరీ లేచింది. ఆ ప్రాంతం మీద పెత్తనం ఉన్న మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను దానికి నిప్పంటించింది. తాగుడు మీద పన్నే కదా అనుకుంటాం. కానీ తిండి దొరకని వేసవి నెలల్లో జీలుగు కల్లు అక్కడ ఆహారమే. దానికి పన్నంటే అన్నానికి పన్ను కిందే లెక్క. ఆ వెంటనే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది, పోడు (అడవి నరికి కాల్చి చేసే సాగు) నేరమైంది, పశువుల మేతకు, వంటచెరుకుకు లంచాలు మొదలయ్యాయి. అక్కడి తరాలకు అడవిశాఖ అంటే ఉన్న భయం ఆనాటిది, ఇంకా పూర్తిగా పోలేదు.

సీతారామరాజు ఉద్యమాన్ని మనం సినిమా దృష్టితో చూస్తాం గనుక దాని వెనకున్న రోడ్డు పని మరిచిపోతాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించిన గూడెం తహసీల్దారు బాస్టియన్, కొండవాళ్లతో చాకిరీ చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు రాజుతో కలవడానికి అలాంటి కష్టాలే కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేశారు. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపాక గానీ ప్రభుత్వానికి పట్టు దొరకలేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు, జూన్‌లో గంటందొర కూడా పోయాడు. మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకు వెళ్లాడు. మన పాఠాల్లో ఆ వాక్యం ఎందుకుండదో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆనాడు కూలి ఎగ్గొట్టి వేయించిన ఆ ఘాట్ మీదుగానే ఇవాళ లంబసింగికి టూరిస్టు కార్లు ఎక్కుతున్నాయి. రాజమండ్రి నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వరకు 516ఈ జాతీయ రహదారి వేస్తున్నారు. మన్యాన్ని అడ్డంగా కలిపే మొదటి పెద్ద రోడ్డు అదే. అంతకుముందు రోడ్లన్నీ పై నుంచి కిందికి సరుకు దించడానికి వేసినవి. పక్క మండలానికి పోవాలన్నా ఒక్కోసారి కిందికి దిగి మళ్లీ ఎక్కాల్సి వచ్చేది.

చట్టాల దగ్గరకు వస్తే రెండు మాత్రం చెప్పాలి. మొదటిది 1/70. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు, దాంతో షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనుల మధ్య తప్ప చేతులు మారకూడదు. రెండోది సమత తీర్పు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. సమత అనే సంస్థ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న వచ్చిన తీర్పు, ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో 'వ్యక్తే' అని చెప్పింది. గిరిజనేతరుడు కొనకూడని భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీకి లీజుకు ఇవ్వకూడదని దాని సారాంశం. దేశంలో ఐదో షెడ్యూలు ప్రాంతాలన్నిటికీ ఇది పనికొచ్చిన తీర్పు, పుట్టింది మాత్రం ఈ కొండల్లోని చిన్న ఊళ్ల గొడవలోంచి.

ఆ తీర్పు లేకపోతే బాక్సైటు గతి ఇంకోలా ఉండేది. ఇక్కడి కొండరాయి ఖొండలైటు. ఇక్కడే ఉండే ఖోందు (కోదు) జాతి పేరు మీదే దానికా పేరు పెట్టారు. లక్షల ఏళ్లు వానకు నాని నాని ఆ రాతి పైపొర బాక్సైటుగా మారింది. అందుకే అది కొండ కడుపులో కాదు, కొండ నెత్తిన ఉంటుంది. ఆ పొర గుల్లగా ఉండి వాన నీటిని పట్టి ఉంచుతుంది, వేసవిలో కూడా కింద ఊటలు పారేది దాని వల్లే. నెత్తి చెక్కేస్తే గెడ్డ ఎండుతుందని అక్కడి మనుషులు అన్నది సెంటిమెంటు కాదు, వాళ్ల మడికి నీరొచ్చే దారి గురించి. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు తవ్వకానికి ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యమంతా భగ్గుమంది, జీవో ఆగింది. 2019లో లీజులే రద్దయ్యాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. మన్యం పేదగా ఉన్నది పండక కాదు. చోడి, సామ, వలిసెలు, రాజ్‌మా, పసుపు, అల్లం, పిప్పళ్లు, పనస, చింతపండు, ఉసిరి, కరక్కాయ, అడ్డాకులు, తేనె, కొండచీపుర్లు. ఏడాదిలో ఏదో ఒకటి చేతికి రాని నెల ఉండదు. ఇబ్బంది ఏమిటంటే ప్రతిదీ కొంచెం కొంచెం వస్తుంది, అన్నిటినీ వారపు సంతకు మోసుకెళ్లి ఆ పూటే అమ్మాలి. తిరిగి తీసుకెళ్లాలంటే మళ్లీ కొండెక్కాలి. సాయంత్రానికి ధర పడిపోతుందని షావుకారికి తెలుసు, అందుకే పొద్దున తొందరపడడు. దీనికి తోడు వానాకాలంలో తిన్న బియ్యానికి, పెళ్లికి, చావుకి ముందే అప్పు తెచ్చి ఉంటారు. అప్పిచ్చినవాడికే పంట ఇవ్వాలి, ధర కూడా వాడు చెప్పిందే. నేను చూసిన సంతల్లో కాటా మోసం కన్నా ఈ అప్పు కట్టే మోసం చాలా పెద్దది. కాటాను తనిఖీ చేయొచ్చు, దీన్ని చేయలేం.

1956లో గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, పుట్టింది ఈ ముడి విప్పడానికే. దాని డీఆర్ డిపోలో, అంటే నిత్యావసరాల దుకాణంలో, బియ్యం, ఉప్పు, నూనె దొరుకుతాయి, అక్కడే చింతపండు, తేనె కొంటారు. దాని మీద విమర్శలు చాలా ఉన్నాయి, కొన్ని న్యాయమైనవే: డబ్బు ఆలస్యం, కొనుగోలు మధ్యలో ఆగిపోవడం. కానీ డిపో తెరిచి ఉన్న వారం సంతలో షావుకారి ధర కూడా పెరుగుతుంది. డిపో ఎంత కొన్నదన్నది కాదు లెక్క, అది అక్కడ నిలబడి ఉందా లేదా అన్నదే. బయటివాళ్లు వేసే లాభనష్టాల పట్టికలో ఇది కనబడదు.

కాఫీ విషయంలో కూడా ఇదే జరిగింది. బ్రిటిష్ కాలంలోనే కొందరు దొరలు కొన్నిచోట్ల మొక్కలు తెచ్చి వేశారు. స్వాతంత్ర్యం తర్వాత మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతంలో మట్టి కొట్టుకుపోకుండా అడవిశాఖ తోటలు వేసింది. 1970ల తర్వాతే గిరిజన రైతు సొంత తోట మొదలైంది, పోడు మాన్పించడం ఉద్దేశం. ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ మొక్కలిచ్చింది, నీడకు సిల్వర్ ఓక్ వేయించింది, ఆ చెట్టుకు మిరియం తీగ పాకించింది. ఒకే గుంటలో మూడు రాబడులు. ఇప్పుడు లక్ష ఎకరాలు ఎప్పుడో దాటింది. కొడగు మాదిరి పెద్ద ప్రైవేటు ఎస్టేట్లు ఇక్కడ లేవు, రైతులు ఎక్కువగా ఎకరం, రెండెకరాల వాళ్లే. ఎరువులు, మందులు కొనే స్తోమత లేక వాడలేదు, అదే తర్వాత 'సేంద్రియ' ముద్రకు కలిసొచ్చింది.

నవంబరు నుంచి జనవరి దాకా పళ్లు కోస్తారు. పండిన ఎర్రపండు మాత్రమే కోసి, ఆ రోజే పల్పింగ్ చేసి (పై తొక్క తీసి), కడిగి, మంచె మీద ఆరబెడితే పార్చ్‌మెంట్ అవుతుంది. పచ్చి, పండు కలిపి దూసి పెరట్లో ఎండేస్తే చెర్రీ. ధరలో తేడా చాలా ఉంటుంది. మరి అందరూ పార్చ్‌మెంటే ఎందుకు చేయరు? పల్పింగ్‌కు నీళ్లు కావాలి, యంత్రం కావాలి, నాలుగైదు సార్లు ఏరి కోయడానికి మనిషి కావాలి. అన్నిటికీ మించి డబ్బు కోసం రెండు వారాలు ఆగగలగాలి. అప్పు మీద ఉన్న ఇంట్లో ఆ ఆగడమే కుదరదు. జీసీసీ సీజనుకు ముందే ధర ప్రకటించడం, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ లాంటివాళ్లు ఎర్రపండునే ఊళ్లోకి వచ్చి కొనడం, ఈ రెండూ కలిసి ఆ మెట్టు దాటించాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ షాపు తెరిచారు, 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పేరు సంగతి అలా ఉంచితే, రైతు ఇంట్లో నేను చూసిన మార్పు ఇది: పిల్లను డిగ్రీకి పాడేరో విశాఖో పంపాలంటే ఒకప్పుడు ఎద్దును అమ్మేవాళ్లు. ఇప్పుడు కాఫీ డబ్బు రాగానే ఫీజు కడుతున్నారు. షావుకార్లు పోలేదు, కానీ బేరం మారింది.

చిక్కులు కూడా ఉన్నాయి. ప్రపంచ ధర పడిపోతే ఇక్కడా పడుతుంది. 2025లో అరకు వైపు కాయతొలుచు పురుగు బయటపడింది, సోకిన కాయల్ని కోయించి నాశనం చేయాల్సి వచ్చింది. చిన్న చిన్న తోటలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట నేల మీద రాలిన కాయలు ఏరకుండా వదిలేసే ఒక్క రైతు చాలు, పురుగు ఊరంతా పాకడానికి. ఈ సమస్య రాబోయే కొన్నేళ్లు గట్టిగా వేధిస్తుందని నా అంచనా.

గంజాయి గురించి మీరు అడగలేదు. వదిలేస్తే ఆర్థికం గురించి సగమే చెప్పినట్టు. విత్తనం, పెట్టుబడి, కొనుగోలు అన్నీ బయటి వ్యాపారి చేతిలోనే ఉంటాయి, ముందే డబ్బిస్తాడు, రోడ్డు లేని ఊరికే వస్తాడు. అంటే పసుపు రైతుకు లేని సౌకర్యాలన్నీ గంజాయి రైతుకు ఉండేవి. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. సాగు బాగా తగ్గింది. కానీ కేసుల్లో ఇరుక్కుంది ఎక్కువగా మూటలు మోసిన కుర్రాళ్లే, పెట్టుబడి పెట్టినవాడు కాదు. నరికిన చోట రాజ్‌మా, కాఫీ, స్ట్రాబెర్రీ అని పంచారు. రోడ్డు, కొనేవాడు ఉన్నచోట అవి నిలిచాయి, లేనిచోట కుర్రాళ్లు కూలికి వలసపోయారు.

మావోయిస్టుల సంగతి ఒక్క మాటలో: ఒడిశా సరిహద్దు ఊళ్లు రెండు తుపాకుల మధ్య దశాబ్దాలు గడిపాయి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను చంపేశారు. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాక ఆ అధ్యాయం ముగింపుకు వచ్చినట్టే కనబడుతోంది. ఇన్నాళ్లూ రోడ్డు వేయకపోవడానికి అందరూ చెప్పిన సాకు మాత్రం ఇక చెల్లదు. ఇప్పటికీ కాన్పు వస్తే డోలీ కట్టి గెడ్డ దాటించే ఊళ్లున్నాయి. పాడేరులో 2024లో మెడికల్ కాలేజీ మొదలైంది, మంచిదే. కానీ ఊరి నుంచి తారు రోడ్డు దాకా ఉన్న ఆ నాలుగైదు కిలోమీటర్లే ప్రాణం తీసేది.

ఇక భూమి. కొనలేరు. 1/70 ప్రకారం గిరిజనేతరుడి పేరు మీద రిజిస్ట్రేషనే చెల్లదు. "లీజు అగ్రిమెంటు రాసుకుందాం, రిసార్టు పెడదాం, లోకల్ మనిషి పేరు మీద ఉంచుదాం" అని చెప్పే బ్రోకర్లు అరకు, లంబసింగి, వంజంగి చుట్టూ కావలసినంత మంది దొరుకుతారు. అది బినామీ. కేసు పడితే మీ డబ్బు పోతుంది, పేరు ఇచ్చిన మనిషి కోర్టు చుట్టూ తిరుగుతాడు. టూరిజం డబ్బు ఇప్పటికే చాలావరకు ఇలాంటి పేర్ల వెనక ఉన్నవాళ్లకే పోతోంది, ఆ ఊరివాళ్లకు మిగిలేది గదులు తుడిచే పని, బొంగు చికెన్ బండి.

మళ్లీ వెళ్తే డిసెంబరులో వెళ్లండి, కాఫీ కోత నడుస్తుంటుంది. ఊళ్లోవాళ్లే నడిపే గదులు, గుడారాలు కొన్ని ఉన్నాయి, అడిగితే చెబుతారు. సంత రోజు ఏదో కనుక్కుని పొద్దున్నే వెళ్లి పసుపు, రాజ్‌మా, మిరియాలు నేరుగా తెచ్చినవాళ్ల దగ్గరే కొనండి. బేరమాడకండి అనను, అక్కడ బేరం లేకపోతే వింతగా చూస్తారు. ఒక్క మనవి: పొద్దున్నే ధర అడిగి పెట్టి, సాయంత్రం తక్కువకు వస్తుందని మాత్రం ఆగకండి.